ఆదివారం మాత్రమే వెళ్లే ఊరింటి పెరట్లో కూరగాయలు: మొదటి ఏడాది సంగతులు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, అపార్ట్‌మెంట్‌లో. పొన్నూరు వైపు మామగారి ఊళ్లో పాత ఇల్లు బాగుచేయించారు. ఇంటి వెనక పది సెంట్ల పెరడు నాలుగేళ్లుగా ఎవరూ పట్టించుకోక అడవిలా ఉంది. నల్లమట్టి, బోరు ఉంది. శనివారం సాయంత్రం వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగి వచ్చేస్తారు. వచ్చే వారం రోటావేటర్‌తో (ట్రాక్టరుకు తగిలించి తిరిగే బ్లేడ్లతో మట్టిని పొడి చేసే యంత్రం) దున్నించి, ఈ మే నెలలోనే బెండ, టమాటా, మిరప, బీర వేసేద్దామని ఆలోచన. మధ్యలో ఐదు రోజుల నీళ్ల సంగతే టెన్షన్ అన్నారు. చివర్లో నిమ్మచెట్టు గురించి కూడా అడిగారు.

ముందు ఆ రోటావేటర్‌ని ఆపండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. ఉండేది విజయవాడ పటమటలో. తోట తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్లో. తొమ్మిదేళ్లుగా వారానికోసారి వెళ్లి వస్తున్నాను. మొదటి రెండేళ్లు అచ్చం మీరు అనుకుంటున్నట్టే చేసి చేతులు కాల్చుకున్నాను. ఊళ్లో ఎవరిని అడిగినా మంచి సలహాలే చెప్పారు, అవి తప్పూ కాదు. కానీ అవి ఊళ్లో ఉండేవాళ్ల సలహాలు. రైతు పొద్దున్నే లేచి మొక్క మొహం చూస్తాడు. ఆకు వాలితే నీళ్లు పెడతాడు, పురుగు కనిపిస్తే ఏరేస్తాడు. మనం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉండం. మట్టి, నీళ్లు, పంట, కంచె, ఏది నిర్ణయించుకున్నా ఈ ఐదు రోజుల సంగతి ముందు చూసుకోవాలి.

రోటావేటర్ ఎందుకు వద్దన్నానంటే, నాలుగేళ్లు బీడు పడిన నల్లమట్టిలో గరిక, తుంగ ఉండకుండా ఉండవు. గరిక కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. రోటావేటర్ బ్లేడ్లు దాన్ని ముక్కలు చేసి పెరడంతా సమానంగా పంచుతాయి. ఒక్క వాన పడితే చాలు, ప్రతి ముక్కా ఒక మొక్కే. తుంగ ఇంకా మొండిది, కింద గడ్డలు గొలుసులా ఉంటాయి. పైన కోసినా, గడ్డిమందు కొట్టినా కింద నిద్రపోతున్న గడ్డలు మళ్లీ లేస్తాయి. మా పెరట్లో మొదటి ఏడాది రోటావేటర్ తిప్పించాక నేల పరుపులా మెత్తగా కనిపించి మురిసిపోయాను. జూలై నాటికి అది తుంగ తోట.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న మంచి ఆయుధం మే నెల ఎండే. ముందు కొడవళ్లతో పైన పెరిగింది కోయించండి. వయ్యారిభామ ఉంటే పూతకు రాకముందే పీకించాలి. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, కొంతమందికి దద్దుర్లు, దగ్గు వస్తాయి. తర్వాత కల్టివేటర్‌తో గానీ నాగలితో గానీ లోతుగా దున్నించి పెళ్లలు అలాగే ఎండకు వదిలేయండి. పెళ్లలు పెద్దవిగా ఉంటే కంగారు పడొద్దు, పెద్దవిగా ఉండటమే మంచిది. బయటపడిన తుంగ గడ్డలు, గరిక వేళ్లు రోహిణి కార్తె ఎండకు ఎండిపోతాయి. వారానికోసారి వెళ్లినప్పుడు చేతికి దొరికినంత గరిక దంతెతో లాగి గట్టు మీద వేయండి. ఒక్క వేసవిలో మొత్తం పోదు, సగం తగ్గినా కలిసొచ్చినట్టే.

మే నెలలో విత్తనం మాత్రం వేయకండి. మన దగ్గర ఆ ఎండకు ఊళ్లో రోజూ నీళ్లు పెట్టేవాళ్లే లేత మొక్కని నిలబెట్టలేక అవస్థ పడతారు. డెల్టా కాలువలు కూడా వేసవిలో కట్టేస్తారు, బోర్లలో మట్టం దిగుతుంది. మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక మొదలుపెడదాం. ఈలోపు చేయాల్సిన పని బోలెడుంది.

అందులో మొదటిది మట్టి పరీక్ష. పెరట్లో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున వి ఆకారంలో గుంట తీసి, గుంట గోడ నుంచి మట్టి గీసి, అంతా కలిపి కుప్ప పోయండి. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించండి. నీడలో ఆరబెట్టి మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. గుంటూరు పక్కనే లాం ఫారం, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, మీకు అదీ దగ్గరే. గట్టు పక్కన, పాత పేడదిబ్బ ఉన్న చోట, ఇల్లు బాగుచేసినప్పుడు సిమెంటు కలిపిన చోట మట్టి తీయొద్దు. ఆ సిమెంటు, సున్నం పెళ్లలు ఎక్కడ పడ్డాయో గుర్తుపెట్టుకుని ఆ జాగా కూరగాయలకు వదిలేయండి. బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పట్టి ఇవ్వండి. సముద్రం వైపు వెళ్లేకొద్దీ మన దగ్గర బోర్లలో ఉప్పు పెరుగుతుంది. నీళ్లలో ఉప్పు ఉందని తేలితే పంటల జాబితాయే మారిపోతుంది. బీన్సు లాంటివి అసలు తట్టుకోవు, గోరుచిక్కుడు బాగానే తట్టుకుంటుంది.

నల్లమట్టి గురించి రెండు అపోహలు చెప్పి ముందుకు వెళతాను. ఒకటి, ఇసుక కలిపితే గుల్లబారుతుందని. పది తట్టల ఇసుక పోస్తే ఏమీ కాదు, పైగా కొన్నిచోట్ల ఇటుకలా గట్టిపడుతుంది. నిజంగా తేడా రావాలంటే లారీలు లారీలు పోయాలి. గుల్లబారడానికి కావాల్సింది చివికిన ఎరువు, గడ్డి, ఆకులు. రెండోది పొయ్యి బూడిద. మన నల్లరేగడికి అసలే క్షారగుణం ఎక్కువ, బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది. ఈ క్షారం వల్లే లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి, అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు సాయంత్రం పూట పిచికారీ చేస్తే తేరుకుంటుంది. చాలామంది అది తెగులనుకుని ఏవేవో మందులు కొడతారు.

పది సెంట్లూ ఒకేసారి సాగు చేయాలన్న ఆశ మానుకోండమ్మా. మొదటి ఏడాది ఒకటిన్నర సెంట్లు చాలు. 4 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవుతో ఐదు మడులు, మడికీ మడికీ మధ్య 2 అడుగుల బాట. లెక్క వేస్తే 560 చదరపు అడుగులు అవుతుంది. మడిని నేల కంటే 9 అంగుళాలు ఎత్తు చేయాలి. నల్లమట్టిలో వానాకాలం నీళ్లు దిగవు, చదును నేల మీద వేసిన వంగనారు మూడు రోజులు నీళ్లలో నిలబడితే వేరు కుళ్లి చచ్చిపోతుంది. బాటలో తీసిన మట్టే మడి మీద పోయించండి, బాట కాలువలా పనిచేస్తుంది. ఒకసారి మడి కట్టాక దాని మీద కాలు పెట్టకూడదు, పిల్లలకు కూడా చెప్పండి. 4 అడుగులు ఎందుకంటే అటు ఇటు కూర్చుని చెయ్యి చాపితే మధ్యకు అందుతుంది. మడి కట్టేటప్పుడు పదును చూసుకోవాలి. గుప్పిట్లో మట్టి నొక్కి వదిలితే ముద్దలా అంటుకుపోతే ఇంకా తడి ఎక్కువ, పొడిపొడిగా విడిపోతే సరైన పదును. పదును తప్పిన నల్లమట్టిని కదిపితే ఆ పెళ్లలు సంక్రాంతి దాకా రాళ్లలా ఉంటాయి. మన సెలవు ఆదివారమే కదా అని ఆ రోజే పని పెట్టించకండి. పదును బుధవారం వస్తే బుధవారమే చేయించాలి, మీరు లేకపోయినా సరే.

మడికి 40 కిలోల దాకా బాగా చివికిన పశువుల ఎరువు, ఒక కిలో వేపపిండి కలపండి. చివికిన ఎరువు చేత్తో పట్టుకుంటే మట్టి వాసన రావాలి, పేడ వాసన కాదు. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు వస్తాయి. ఆ ఎరువులోంచే 25 కిలోలు పక్కన తీసి, రెండున్నర కిలోల వేపపిండి, అర కిలో ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణిచే మేలు చేసే బూజు) పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో కుప్ప పోసి తడి గోనెసంచి కప్పండి. ఒక వారం, పది రోజుల్లో తెల్లగా బూజు పడుతుంది. అది ఐదు మడులకూ పంచితే నారుకుళ్లు, వేరుకుళ్లు బాగా తగ్గుతాయి. జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి పులియబెట్టిన ద్రావణం) చేయమని మీకు తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. మంచిదే, కానీ రోజుకు రెండుసార్లు కలియబెట్టాలి, వారంలోపు వాడేయాలి. మనకి కుదరదు. దాన్నే గట్టిగా చేసే ఘన జీవామృతం చేయించుకుంటే ఎండబెట్టి బస్తాలో నిల్వ పెట్టుకోవచ్చు, అది మన పద్ధతికి సరిపోతుంది.

మిగిలిన ఎనిమిదిన్నర సెంట్లు ఖాళీగా వదిలితే మళ్లీ తుంగ వస్తుంది. తొలకరి పడగానే పచ్చిరొట్ట ఎరువుకు వేసే జీలుగ చల్లించండి. ఎకరానికి 10, 12 కిలోలు లెక్క కాబట్టి మీకు కిలో గింజ సరిపోతుంది, తెలిసిన రైతును అడిగితే ఇస్తాడు. దానికి మీరు చేయాల్సిన సేవ ఏమీ లేదు. గడ్డిని నీడతో అణిచేసి, వేళ్ల బుడిపెల్లో నత్రజని కూడబెడుతుంది. 45 రోజులకు పూత మొదలయ్యే వేళకు కోయించి నేలలో కలియదున్నండి. దున్నడం కుదరకపోతే కోసి కూరగాయల మడుల మీద పరిచినా పనికొస్తుంది. ముదరనిస్తే మాత్రం కాడ కట్టెలా తయారై చివకదు, ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

ఇక నీళ్లు. మామూలు రోజుల్లో చదరపు గజానికి రోజుకు 4 లీటర్లు అనుకుని లెక్క వేద్దాం. ఐదు మడులు కలిపి 400 చదరపు అడుగులు, అంటే 44 గజాల పైచిలుకు. రోజుకు 180 లీటర్లు. ఐదు రోజులకు 900. కాబట్టి వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఒకటి ఆదివారం నింపి వస్తే శుక్రవారం దాకా సరిపోతుంది. వానాకాలంలో ఇందులో సగం కూడా ఖర్చు కాదు. ట్యాంకును 4 అడుగుల దిమ్మె మీద పెట్టించండి, పైపు దానంతట అదే పారుతుంది. మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టి గుంటూరు నుంచే ఆన్ చేస్తానంటే నేను ఒప్పుకోను. మేం అలాగే పెట్టాం. ఒక ఏప్రిల్‌లో బోరులో నీళ్లు దిగిపోయిన సంగతి తెలియక విజయవాడ నుంచి మీట నొక్కాను. మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోయింది. మోటారు ఆడేటప్పుడు మనిషి పక్కన ఉండాలి. మిగతా రోజులు ట్యాంకు చూసుకుంటుంది.

డ్రిప్పు వేయించుకుంటే షాపులో రెండు విషయాలు గట్టిగా అడగండి. 4 అడుగుల ఎత్తు నుంచి వచ్చే నీటికి ఒత్తిడి చాలా తక్కువ. ప్రెజర్ కాంపెన్సేటింగ్ (ఒత్తిడి మారినా నీళ్లు సమానంగా వదిలే) డ్రిప్పర్లని మంచి కంపెనీవే ఇస్తారు, అవి ఈ ఒత్తిడికి తెరుచుకోవు. మామూలు 16 ఎంఎం ఇన్‌లైన్ లేటరల్ (లోపలే డ్రిప్పర్లు అమర్చిన పైపు) చాలు, మడికి రెండు వరుసలు. రెండోది టైమర్. బ్యాటరీతో నడిచే టైమర్లలో కొన్నింటికి పంపు ఒత్తిడి ఉంటేనే వాల్వు పనిచేస్తుంది. మీకు కావాల్సింది ఒత్తిడి లేకపోయినా తెరుచుకునే బాల్‌వాల్వు రకం. నేను ఇది తెలియక ఒకటి కొని, మూడు వారాలు మొక్కలు ఎందుకు వాడుతున్నాయో అర్థంకాక తల పట్టుకున్నాను. ట్యాంకు కింద స్క్రీన్ ఫిల్టరు పెట్టించి ప్రతి ఆదివారం విప్పి కడగండి. ఉడతలు, ఎలుకలు వేసవిలో పైపు కొరుకుతాయి, అవి కొరికేది దాహానికి. ఒక మూల మట్టిచిప్పలో నీళ్లు పెట్టాక మా పైపుల జోలికి రావడం చాలా తగ్గింది.

ఇంత హంగు మొదటి ఏడాదే వద్దనుకుంటే కుండలు పాతిపెట్టండి. రంగు వేయని మామూలు మట్టికుండ, ఐదారు లీటర్లది, మూతి పైకి కనిపించేలా పాతి నీళ్లు నింపి మూత పెట్టాలి. మూత పెట్టకపోతే దోమలు. కుండ చుట్టూ మూడు నాలుగు పాదులు పెడితే నీరు నిదానంగా ఊరుతూ నాలుగైదు రోజులు వస్తుంది. సొర, దోస, గుమ్మడి లాంటి పాదులకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆకుకూరలకు పనికిరాదు.

డ్రిప్పు ఉన్నా కుండ ఉన్నా మడి మీద వరిగడ్డి పరవడం మాత్రం తప్పదు. మూడు నాలుగు అంగుళాల మందం, మొక్క మొదలుకు రెండంగుళాల దూరంలో. నల్లమట్టి ఎండితే నెర్రెలు విచ్చుతుంది, ఆ నెర్రె వేళ్లను తెంపేస్తుంది. గడ్డి కింద నేల నెర్రె విచ్చదు. డెల్టాలో ఉండి వరిగడ్డికి మొహం వాచాల్సిన పని లేదు, నూర్పిళ్లప్పుడు ఓ బండెడు తెచ్చి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, ఏం వేయాలి. మీ జాబితాలో మొదటిది బెండ. బెండకాయ రోజు విడిచి రోజు కోయాలి. ఆదివారం వేలెడంత ఉన్నది గురువారానికి ముదిరి, శనివారానికి కట్టె. ముదురు కాయలు చెట్టు మీద ఉంటే కొత్త పూత కూడా తగ్గిపోతుంది. అంటే వారానికోసారి వెళ్లేవాళ్లు బెండ వేస్తే కత్తికి తెగని కాయలు బుట్టెడు, వండటానికి పనికొచ్చేవి పిడికెడు. బీర అంతే, మేం ఒక ఏడాది ఒళ్లు రుద్దుకునే పీచు బంధువులందరికీ పంచాం. కాకర పండిపోతుంది, గోరుచిక్కుడు నార తేలుతుంది. ఇవి చెడ్డ పంటలు కావు, మన రాకపోకలకు సరిపడవు.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది 2024 సెప్టెంబరులో. ఒకటో తారీకున బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. మా వీధికి నీళ్లు రాలేదు గానీ, బంధువులు ఇద్దరి ఇళ్లు మునిగి మా ఇంట్లోనే ఉన్నారు. మూడు వారాలు ఊరి మొహం చూడలేదు. తర్వాత వెళ్లి చూస్తే బెండ మొత్తం గింజకు వచ్చేసింది. ఆకుకూరల మడి కొట్టుకుపోయింది. కానీ కంద, పసుపు చెక్కుచెదరలేదు. దొండపందిరి మీద సగం కాయలు పండి ఎర్రగా వేలాడుతున్నాయి, మిగతా సగం వండుకున్నాం. గోంగూర నా నడుము దాకా ఎదిగింది, మొదళ్లు వదిలి పైచిగురు కోసుకుని పచ్చడి చేశాం. బూడిద గుమ్మడి అయితే మా గొడవే పట్టనట్టు పాకుతూ పోతోంది. ఆ ఏడాది నుంచి ఏ విత్తనం కొన్నా, దీన్ని రెండు వారాలు వదిలేస్తే ఏమవుతుంది అని ముందు అడుగుతాను.

ఆ లెక్కన మీకు నా జాబితా ఇదీ. ఒక మడి పూర్తిగా గోంగూర, బచ్చలి, కాస్త తోటకూర. వారం వారం కోసినకొద్దీ చిగురిస్తాయి. రెండో మడి వంగ. నారు మీరు పోయకండి, ప్రోట్రేలలో (చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలు) పెంచిన నారు నర్సరీలో తెచ్చుకోండి. 2 అడుగుల ఎడంతో రెండు వరుసల్లో 20 మొక్కలు పడతాయి, మీ ఇంటికీ పక్కింటికీ సరిపోతాయి. వంకాయ వారం ఆగినా కూరకు వస్తుంది, కాస్త గింజ కడుతుంది అంతే. మూడో మడిలో పసుపు, కంద. దుగ్గిరాల పసుపు యార్డుకు ఇంత దగ్గరలో ఉండి పసుపు కొనుక్కోవడం నాకైతే చిన్నతనంగా ఉంటుంది. కొమ్ము జూన్‌లో పెడితే మళ్లీ సంక్రాంతి తర్వాత తవ్వేదాకా నీళ్లు, గడ్డి తీయడం తప్ప పని లేదు. కొబ్బరిచెట్టు నీడ పడే మడి ఉంటే దీనికే ఇవ్వండి. కందలో గజేంద్ర రకం అడగండి, కొవ్వూరు పరిశోధన స్థానం ఇచ్చిన రకం, దురద పెట్టదు. మా అత్తగారు మాత్రం దురద లేనిది కందే కాదంటారు.

నాలుగో మడి అంచున పాదులు, పప్పుదోస, గుమ్మడి, బూడిద గుమ్మడి. పాదు మడిలో ఉంటుంది గానీ తీగను ఖాళీ జాగాలోకి పాకించాలి, అందుకని ఆ పక్క జీలుగ వేయకుండా కాస్త వదలండి. దోసకాయ పండి పసుపురంగు తిరిగాక ఇంట్లో వారాలు నిల్వ ఉంటుంది. బూడిద గుమ్మడి నెలలు ఉంటుంది, వడియాల వేళకు అందుతుంది. ఐదో మడి ఇప్పుడు ఖాళీగా ఉంచి, అక్టోబరు చివర్లో టమాటా నారు తెచ్చి పెట్టండి. వానల్లో టమాటా మనకు వద్దు. చలికాలంలో కాయ రంగు తిరగడం మొదలవగానే కోసి తెచ్చుకుంటే ఇంట్లో వారమంతా ఒక్కొక్కటే పండుతుంది, చెట్టు మీద పండించాల్సిన పని లేదు. ఆగస్టులో పందిరి పక్కన నాలుగు చిక్కుడు పాదులు పెట్టారంటే, కోయడం ఆలస్యమైనా గింజలు వలుచుకుని వండుకోవచ్చు.

దొండకు గింజ వేయకండి, మగమొక్క రావచ్చు. కాయ కాసే పాదు నుంచి పెన్సిలంత లావు తీగ ముక్కలు అడిగి తెచ్చి గుంటకు రెండు పెట్టండి. పందిరి రాతి స్తంభాలు, జీఐ తీగతో గట్టిగా వేయించాలి. మాది వెదురు పందిరి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు నేలమట్టం అయింది. మునగలో పీకేఎం-1 రకం గింజ రెండు చాలు, ఇంటి గోడకు దూరంగా. వానాకాలంలో గొంగళి పురుగులు వస్తాయి, గాలివానకు కొమ్మ విరుగుతుంది.

గుంటూరువాళ్లం మిరప వేయకపోతే ఎలా అని మీకు ఉంటుంది. మొదటి ఏడాది వేయొద్దు. 2021 చివర్లో నల్ల తామర పురుగు మన మిరప చేలను ఎలా ఊడ్చేసిందో మీ ఊళ్లో అడగండి, కథలు కథలుగా చెబుతారు. చుట్టూ పొలాల్లో మందులు కొట్టే కొద్దీ పురుగు మన పెరట్లోకి వస్తుంది, మనం వారానికోసారి చూసేసరికి ఆకులు ముడుచుకుపోయి ఉంటాయి. పచ్చిమిర్చి నాలుగు కుండీల్లో మీ బ్రాడీపేట బాల్కనీలోనే పెంచుకోండి.

పురుగుల విషయం ఎక్కువ చెప్పను. వంగలో వడలిన కొమ్మ చివర కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే, రెండంగుళాలు కిందికి తుంచి కవరులో వేసి బయట పడేయండి. ప్రతి ఆదివారం మొదటి పని అదే. మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు రెండు, పసుపు జిగురు అట్టలు నాలుగు పెట్టండి. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లతో, సాయంత్రం పూట. కోతులు ఉన్న ఊరైతే కంద, పసుపు, గోంగూర తప్ప మిగతా వాటి మీద ఆశ పెట్టుకోకండి. గేదెలకు మాత్రం కంచె కావాలి, ముళ్లతీగ ఐదు వరుసలైనా చాలు. గేటు గడియ పెట్టారో లేదో బయలుదేరేటప్పుడు వెనక్కి వచ్చి మరీ చూసుకోండి. మా తోటను ఒక్క రాత్రిలో ఊడ్చింది పురుగు కాదు, పక్కింటి దూడ.

మనిషి సంగతి. ఎంత టైమరు పెట్టినా వారం మధ్యలో ఒకసారి చూసే కళ్లు కావాలి. పక్కింట్లో ఒకావిడకు నెలకింతని డబ్బు ఇస్తానంటే మొదట మొహమాటపడి వద్దంది, తర్వాత రాలేదు కూడా. అప్పుడు మా ఆయన ఒక మాట చెప్పారు. ఐదు మడుల్లో ఒకటి ఆవిడకే ఇచ్చేశాం, అక్కా నువ్వు ఏం వేసుకుంటావో నీ ఇష్టం, నీళ్లు మావి, ఎరువు మాది అని. ఆవిడ బెండ వేసుకుంది. రోజూ కోసుకోవడానికి వస్తుంది కాబట్టి మిగతా నాలుగు మడులూ చూస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే ఫోన్ చేస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో బెండకాయ కూర కూడా ఆవిడ మడిదే. ఇంటి గుమ్మం ముందు పెరడు కనిపించేవాళ్లు మీకూ ఎవరో ఒకరు ఉంటారు, ముందు వాళ్లతో మాట్లాడి ఆ తర్వాతే విత్తనాలు కొనండి.

వారం తర్వాత వెళ్లి గబుక్కున పెరట్లోకి దిగకండి. చుట్టూ వరిపొలాలు ఉన్న చోట తాచుపాము, రక్తపింజరి రెండూ తిరుగుతాయి. పరిచిన గడ్డి కింద, గోనెసంచుల కింద, ట్యాంకు దిమ్మె పక్కన చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడే చేరతాయి. శనివారం రాత్రి చేరితే తెల్లారేదాకా పెరట్లోకి వెళ్లొద్దు. పొద్దున మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, ముందు కర్రతో తట్టి, తర్వాతే చెయ్యి పెట్టండి. పాము కాటుకు మందు ఉండే ప్రభుత్వాసుపత్రి మీ ఊరికి దగ్గరలో ఏదో ఇప్పుడే కనుక్కుని ఆ నంబరు గోడ మీద రాసిపెట్టండి.

నిమ్మ అడిగారు కదా. తెనాలి నిమ్మ మార్కెట్ పక్కన ఉన్నవాళ్లం కాబట్టి మొక్కలకు కొరత లేదు. బాలాజీ రకం తీసుకోండి, గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. నల్లమట్టిలో గుంటలో దించి పెట్టొద్దు. నేల మీద అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ పోసి దాని మీద పెట్టి, నీళ్లు కాండానికి తగలకుండా చుట్టూ దూరంగా పాదు చేయండి. కాండం మొదట్లో నీరు నిలిస్తే బంక కారి ఎండిపోతుంది. కాపు కోసం మూడు నాలుగేళ్లు ఆగాలి. ఈ ఒక్కటి మాత్రం జూలైలో మొదటి గట్టి వాన పడిన వారమే పెట్టేయండి.